పద్యమూ ఆమే, పాత్రా ఆమే

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేషం కట్టిన సురభి కమలాబాయి, ఆ సినిమాలో ఎలా పాడిందో వినే దారి మనకిక లేదు. ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. విడుదల తేదీని కూడా చాలాకాలం 1931 సెప్టెంబర్ 15 అనే రాసుకుంటూ వచ్చాం. రెంటాల జయదేవ పరిశోధన తర్వాతే అది 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. ఎవరో ఒకరు ఓపిగ్గా వెతికితే తేదీ దొరుకుతుంది. గొంతు అలా దొరకదు. సినిమా చరిత్ర చదివినప్పుడల్లా నన్ను బాధపెట్టేది ఈ లోటే.

ఎందుకంటే కమలాబాయి ముందు నటన నేర్చి తర్వాత పాట నేర్చిన మనిషి కాదు, పాట నేర్చి నటనలోకి వచ్చిన మనిషీ కాదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ‘కీచకవధ’ ఆడి వనారస గోవిందరావు మొదలుపెట్టిన నాటక సమాజంలో ఆ రెంటికీ వేరువేరు పాఠాలు లేవు. ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో సురభివాళ్లు తమ ఇంటి ఆడవాళ్లనే రంగస్థలం ఎక్కించారు. కమలాబాయి తల్లి నిండు గర్భిణిగా దమయంతి వేషంలో ఉండగా నొప్పులు మొదలయ్యాయని, పాప స్టేజీ మీదే పుట్టిందని, ఇదీ నాటకంలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారని ఒక కథ చెబుతారు. కథలో ఎంత నిజముందో గాని, సురభి పిల్లలకు ఊహ తెలిసేది మాత్రం స్టేజీ మీదే. చిన్నికృష్ణుడు, ప్రహ్లాదుడు, లోహితాస్యుడు, ఇవే వాళ్ల బడి.

ఆ బడిలో ఏం నేర్చేవారు? మైకు లేని కాలం. గుడారం చివర నేల మీద కూర్చున్న మనిషికి కూడా ప్రతి అక్షరం అందాలి. హార్మోనియం శ్రుతి ఇవ్వగానే పద్యం ఎత్తుగడ తడబడకూడదు. చివరి పాదం అయ్యాక రాగం తీయాలి. ఆ రాగం తీస్తున్నంతసేపూ ముఖంలోంచి పాత్ర జారిపోకూడదు. అసలు కష్టం ఇక్కడే ఉంది. ‘హరిశ్చంద్ర’ నాటకంలో చంద్రమతి కొడుకు శవాన్ని ఒళ్లో పెట్టుకుని పాడుతోంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలి? గొంతుకు సుఖంగా ఉన్నచోట తీసుకుంటే చక్కటి గాయని అవుతుంది. దుఃఖం అడ్డుపడిన చోట తీసుకుని, శ్రుతి తప్పకుండా మళ్లీ అందుకుంటే చంద్రమతి అవుతుంది. పైగా జనం ‘వన్స్ మోర్’ అంటే ఆ ఏడుపంతా మొదటి నుంచీ మళ్లీ ఏడవాలి. రెండోసారి కూడా అది నిజంగానే ఉండాలి. దీన్ని చౌకబారు అలవాటని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ గుడారంలో రాగం కోసమూ కథ కోసమూ వచ్చింది ఒకే జనం. ఆ రెంటితోనూ వాళ్లను ఒకే మనిషి మెప్పించాలి.

ఈ విద్యతోనే కమలాబాయి ‘భక్త ప్రహ్లాద’ కోసం బొంబాయి వెళ్లింది. హెచ్.ఎం. రెడ్డి దర్శకుడు, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు. ప్లేబ్యాక్ అనే మాట ఇంకా పుట్టలేదు. కెమెరా ముందు నటిస్తూనే పాడాలి. మధ్యలో ఎవరు తప్పినా షాటు మళ్లీ తీయాల్సిందే. అలాంటి చోట నిలబడగలిగింది నాటకంవాళ్లే. ఆ తర్వాత ‘హరిశ్చంద్ర’లో చంద్రమతిగా, ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో ద్రౌపదిగా తెరకెక్కిన కన్నాంబ కూడా స్టేజీ నుంచి వచ్చినదే. తొలి రోజుల తెలుగు సినిమాను నాటకాల స్త్రీలు తమ ఊపిరితో మోశారని నా నమ్మకం.

తర్వాత పాట ఒకరిదీ ముఖం ఒకరిదీ అయింది. దాన్ని తప్పు పట్టలేను. ఘంటసాలనూ లీలనూ మనకిచ్చింది ఆ ఏర్పాటే కదా! కాని నటి ఊపిరిని అనుసరించి పాట సాగే పద్ధతి పోయి, ముందే రికార్డయిన పాటను అనుసరించి నటి పెదవులు కదిలే పద్ధతి వచ్చింది. తొలి కథానాయిక కమలాబాయి, 1951లో ‘పాతాళభైరవి’ నాటికి తోటరాముడి తల్లి. ఈ తరానికి ఆమెను చూపించాలంటే ఆ సినిమానే చూపిస్తాం. కొడుకు ఏ ప్రమాదం మీదికి తెచ్చుకుంటాడోనని హడలిపోయే ఆ తల్లి మాటలు కళ్లు మూసుకుని వినండి. మాట విరుపులో, వాక్యం చివర గొంతు లేచే తీరులో నాకు పద్యం అలవాటే వినిపిస్తుంది.

హైదరాబాద్ లలిత కళాతోరణంలో సురభి నాటకం చూసినప్పుడల్లా ‘మాయాబజార్’ మాయలకే ఎక్కువ చప్పట్లు పడతాయి. పడాలి కూడా, తీగల మీద మనుషుల్ని నడిపించడం చిన్న విద్య కాదు. నేను మాత్రం శశిరేఖ పద్యం అందుకునే క్షణం కోసం చూస్తాను. ఇప్పుడు మైకులున్నాయి, చివరి వరసకు వినిపించాలనే బెంగ లేదు. అయినా ఆ అమ్మాయి ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో గమనిస్తే ఎవరి దగ్గర నేర్చుకుందో తెలిసిపోతుంది. మాయల్ని ఎన్నో కెమెరాలు చిత్రీకరించి పెట్టాయి. సురభి పెద్దావిడలు పద్యాలు పాడుతుండగా, ఎక్కడ ఎందుకు ఆగుతారో చెబుతుండగా, ఎవరైనా కూర్చుని రికార్డు చేయాలి. విశ్వవిద్యాలయాల రంగస్థల శాఖలకు అది పెద్ద ఖర్చు కాదు. పాడగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు.