మూలమట్టం తప్పని చేయి

మాచర్ల నాపరాళ్లు పరిచిన గచ్చు మీద గీత గీసినట్టు సాగే సందుల్ని చూసి తాపీమేస్త్రీని మెచ్చుకుంటాం. ఆ మెప్పులో సగం కోత మిషను దగ్గర నిలబడ్డవాడిది. 2 అడుగుల చదరపు పలక కోసి దించగానే అతను నాలుగు అంచులూ కొలిచి, టేపును మూల నుంచి ఎదురు మూలకు పడతాడు, తర్వాత రెండో జత మూలలకు. రెండూ కలిస్తే మూలమట్టం కుదిరినట్టే. 2 మిల్లీమీటర్ల తేడా వచ్చినా మిషను ఆపేస్తాడు. ముందు ట్రాలీ పట్టాల మీద గట్టిపడిన రాతిబురద గీకుతాడు. పలక కింద రాతిపెంకు చిక్కిందేమో తడుముతాడు. ఆపై కరెంటు తీసేసి, డైమండ్ బ్లేడును చేత్తో తిప్పుతూ అంచు ఊగుతోందేమో చూస్తాడు. నీళ్ల ధార కోత మీదే పడాలి. తగ్గితే బ్లేడు వేడెక్కి వంపు తిరుగుతుంది. ఒక్కదాన్నే సరిచేసి, ఇంకో పలక కోసి, మళ్లీ టేపు పడతాడు. నాలుగూ ఒకేసారి మారిస్తే లోపమెక్కడుందో తేలదు. ఇసుక కలిపిన నీటిధారతో కోసే వాటర్‌జెట్ మిషన్ల దగ్గరా ఇదే వరస: అక్కడ నాజిల్ అరిగితే కోత వెడల్పై కొలత తప్పుతుంది. ఈ ఓపిక వల్లే మన ఇళ్లలో సందు సన్నగా కుదురుతుంది, సిమెంటు తక్కువ పడుతుంది, చీపురు ఎక్కడా తట్టుకోదు.