నాంపల్లి ఖవ్వాలీ: మార్పుకూ ఒక కట్టుబాటు

హైదరాబాద్‌లో అబిడ్స్‌కు కూతవేటు దూరంలో, నాంపల్లి యూసుఫైన్ దర్గాలో గురువారాల్లోనూ ఉర్సు రోజుల్లోనూ ఖవ్వాలీ వినిపిస్తుంది. 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సైన్యంలో ఉండేవారని చెప్పుకునే యూసుఫ్ బాబా, షరీఫ్ బాబాల సమాధులు అక్కడున్నాయి. వారిది సూఫీల్లో చిష్తీ సంప్రదాయం. ఆ సంప్రదాయం తరతరాలుగా పాడుతున్న పాటల్లో ‘ఛాప్ తిలక్’ ఒకటి. అమీర్ ఖుస్రో (1253–1325) తన గురువు నిజాముద్దీన్ ఔలియాను తలచుకుని కట్టాడని నమ్మకం. 1978లో ‘మై తులసీ తేరే ఆంగన్ కీ’ సినిమాలో లత, ఆశ దాన్ని పాడారు. 2014లో ఆబిదా పర్వీన్, రాహత్ ఫతే అలీ ఖాన్ స్టూడియోలో పాడారు. ఇన్ని చేతులు మారినా ఆ పాట చెక్కుచెదరలేదంటే, అందుకు బాణీ తీయదనం ఒక్కటే చాలదు. ఎక్కడ మార్చవచ్చో, ఎక్కడ ముట్టుకోకూడదో తెలిసిన విద్య దాన్ని కాపాడింది.

ఆ విద్యకు గుండెకాయ గిరహ్. ప్రధాన గాయకుడు పల్లవిని స్థిరపరిచాక, ఉన్నట్టుండి తాళం వదిలేసి, అదే భావమున్న ఫార్సీ ద్విపదనో ఉర్దూ ద్విపదనో ఎత్తుకుంటాడు. హార్మోనియం శ్రుతి పట్టుకుని ఉంటుంది. ద్విపద చివరి మాట పల్లవి ఎత్తుగడకు అతికినట్టు అందాలి. అందిన క్షణంలోనే వెనక వరసవాళ్ల చప్పట్లు, ఢోలక్ ఒక్కసారిగా కలుస్తాయి. ఏ ద్విపద తేవాలన్నది సభను బట్టి ఉంటుంది. ఒక మాట దగ్గర శ్రోత చలించిపోతే ఆ మాటనే మళ్లీ మళ్లీ పాడతారు, అది తక్‌రార్. మన కర్ణాటక సంగీతంలోని నెరవల్‌లో ఒకే సాహిత్య పంక్తి రాగంలో విస్తరిస్తుంది. ఖవ్వాలీలో కొత్త సాహిత్యం కూడా వచ్చి చేరుతుంది, అయినా పాట మారదు.

అమెరికా నల్లజాతి వారి బ్లూస్‌దీ ఇలాంటి ప్రయాణమే. డబ్ల్యూ.సి. హ్యాండీ 1914లో ‘సెయింట్ లూయిస్ బ్లూస్’ అచ్చు వేశాడు. 1925లో బెస్సీ స్మిత్ దాన్ని నిదానంగా పాడుతుంటే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్‌తో బదులు పలికాడు. 1937లో పారిస్‌లో జాజ్ కళాకారుడు జాంగో రైన్‌హార్ట్ దాన్ని గిటార్ మీద, మాటల్లేకుండానే వాయించాడు. తేడా ఒకటుంది: జాజ్ కళాకారుడికి ఆధారం పాట అడుగున నడిచే స్వరాల అల్లిక, ఖవ్వాలుకు ఆధారం మాట. రెండు చోట్లా ఆధారాన్ని వదలనివాడికే స్వేచ్ఛ.

దర్గా గడప దాటితే భక్తి పోయి వినోదం మిగులుతుందన్న అభ్యంతరం తీసిపారేయదగ్గది కాదు. కొద్ది నిమిషాల సినిమా పాటలో గిరహ్‌కు చోటు దొరకదు, శ్రోత ముఖం చూసి పాడే వీలూ ఉండదు. అది నిజమైన నష్టమే. అయితే అసలు రూపానికే తిరిగి వెళ్లాలంటే ఏ రూపానికి వెళ్లాలి? ఖుస్రో పేరు మీదున్న హిందవీ పాటలు నోటి నుంచి నోటికి వచ్చినవే, వాటికి ఆయన కాలపు రాతప్రతులు లేవు. హార్మోనియం 19వ శతాబ్దంలో ఐరోపా నుంచి వచ్చింది. శుద్ధమని మనం అనుకునే దర్గా ఖవ్వాలీ కూడా మార్పుల మీదే నిలబడింది. కట్టుబాటు ఎరగని మార్పుతోనే పేచీ.

ఈ కట్టుబాటు మన ఊళ్లో బతికే ఉంది. మొఘల్ ఆస్థాన గాయకుడు తాన్‌రస్ ఖాన్ 1857 తర్వాత హైదరాబాద్ చేరాడు. ఆయన పరంపరగా చెప్పుకునే వార్సీ కుటుంబంలో అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ వచ్చింది. మనవలు నసీర్, నజీర్ ఆ విద్యను కొనసాగించారు. భాష తెలియని తెలుగువారికి ఇదంతా ఎందుకని అడగవచ్చు. త్యాగయ్య కృతులను తెలుగు రాని తమిళ శ్రోతలు తలకెత్తుకోలేదా? సభల నిర్వాహకులు ఖవ్వాలీకి పూర్తి నిడివి ఇవ్వాలి, పాడే ద్విపదలకు తెలుగు తాత్పర్యం అందించాలి. అర్థం తెలిసిన శ్రోత ఎదురుగా ఉంటేనే ఖవ్వాలు సరైన ద్విపదను వెతుక్కుంటాడు. కాబట్టి ఈ విద్యను నిలబెట్టే పనిలో సగం మనదే.