అతిథికై ఒదుగు వలయము

రసాయనశాలలో నిత్యము ద్రావణములు వడకట్టి స్ఫటికములు ఆరబెట్టువారి వృత్తి ఎంత గౌరవార్హమో తెలియవలెనన్న, సుమారు 0.4 శాతమే లభించిన తెల్లని ఉపోత్పన్నమును పారవేయక పరీక్షించి, 1967లో క్రౌన్ ఈథర్లను లోకమునకు వెల్లడించిన డ్యూపాంట్ రసాయనజ్ఞుడు ఛార్లెస్ పెడర్సన్‌ను స్మరింపవలెను.

వానిలో 18 పరమాణువుల వలయము నాకు మిక్కిలి ప్రియము. స్ఫటికమందు ఒంటరిగా నున్నపుడు అది గుండ్రముగా తెరచుకొని యుండదు. రెండు మిథిలీన్ సమూహములను లోనికి మడచి తన బోలును తానే పూరించుకొనును. పొటాషియం అయాను చేరినంతనే బంధములు తిరిగి, ఆరు ఆక్సిజనులును కేంద్రాభిముఖములై దానిని చుట్టుకొనును. మిథైల్ అమ్మోనియం వచ్చెనేని, ఒకటి విడిచి ఒకటిగా మూడు ఆక్సిజనులు హైడ్రోజన్ బంధములతో పట్టుకొనును. ఈ సర్దుబాటుకు శక్తి వ్యయమగును గనుకనే డొనాల్డ్ క్రామ్ ముందే బిగిసియున్న స్ఫెరాండులను నిర్మించి మరింత దృఢమైన పట్టు సాధించెను. అది మహత్కార్యమే; ఐనను అతిథి రాకపోకలకు వీలిచ్చుచు, పొటాషియం పర్మాంగనేటునంతటి లవణమును సైతము బెంజీనులో కరగించి ఊదారంగు పట్టించు ఈ మెత్తని వలయమునకే నా మన్నన.