అడిగి చూడండి

నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కూర్చోగానే అనే మాట ఒకటే: "మీరేం తినమంటే అదే తింటాను మేడం, రాసివ్వండి." వాళ్ల సంచిలో అప్పటికే అలాంటి కాగితాలు ఉంటాయి. ఆసుపత్రిలో ఇచ్చిన డైట్ చార్టు, మేనల్లుడు వాట్సాప్‌లో పంపింది, యూట్యూబ్ చూసి సొంతంగా రాసుకున్నది. ఒకదాంట్లో అన్నం మానమని ఉంటుంది, ఇంకోదాంట్లో నూనె, ఉప్పు మానమని. తెలుగునాట నూనె, ఉప్పు వద్దనే మంతెన సత్యనారాయణరాజు గారి పద్ధతి పాటించినవాళ్లూ ఉన్నారు, అన్నం మానమనే వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి పాటించినవాళ్లూ ఉన్నారు. కొన్నాళ్లు గట్టిగా చేసి, ఏ పెళ్లి దగ్గరో పండగ దగ్గరో ఆగిపోయి, మళ్లీ మొదలుపెట్టలేకపోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఏం తినాలో తెలియక ఆగిపోయినవాళ్లు వాళ్లలో తక్కువ. తమ ఇంట్లో, తమ పనివేళల్లో అది ఎలా కుదురుతుందో ఎవరూ వాళ్లతో కూర్చుని మాట్లాడలేదు.

నాలాంటి హెల్త్ కోచ్ పని అక్కడ మొదలవుతుంది. కోచ్ జబ్బు తేల్చరు, మందు రాయరు. తిండి, నిద్ర, నడక, మనసు, ఇల్లు, వీటిలో ఏది ముందు మార్చుకోవాలో, ఎంత మార్చుకోగలరో వచ్చిన మనిషే తేల్చుకునేలా పక్కన కూర్చుని అడుగుతారు. వింటే తేలికే అనిపిస్తుంది. కానీ ఎదుటివాళ్లు కష్టం చెప్పడం పూర్తికాకముందే మన నాలుక మీదికి సలహా వచ్చేస్తుంది. దాన్ని ఆపుకోవడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన అభ్యాసం. ఎన్నేళ్లు చేసినా ఆ కష్టం పూర్తిగా పోదు.

ఈ అడిగే పద్ధతికి ఒక చరిత్ర ఉంది. 1982లో అమెరికా మానసిక శాస్త్రవేత్త విలియం మిల్లర్ నార్వేలోని బెర్గెన్‌లో కొన్నాళ్లున్నారు. తాగుడు వ్యసనానికి వైద్యం చేసే అక్కడి యువ సైకాలజిస్టులు, రోగితో ఎలా మాట్లాడతారో చేసి చూపించమని ఆయన్ని అడిగారు. ఊరికే చూడలేదు. మధ్యమధ్య ఆపి, ఈ ప్రశ్నే ఎందుకు వేశారు, ఆ మాటనే ఎందుకు పట్టుకున్నారు అని ఆరా తీశారు. వాళ్లకు జవాబు చెప్పుకుంటూ పోతే తను చేస్తున్నదేమిటో ఆయనకే తేటతెల్లమైంది. మారాలి అని రోగితో తను వాదించడం లేదు, మారాలన్న మాట రోగి నోటి నుంచే రానిస్తున్నారు. 1983లో దాన్ని వ్యాసంగా రాశారు, 1991లో స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పుస్తకంగా తెచ్చారు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే ఆ పద్ధతి తాగుడు దగ్గర పుట్టి, తర్వాత షుగరుకీ బీపీకీ పొగ మానడానికీ వచ్చింది. తాగేవాడిని నిలదీసి, సిగ్గుపడేలా చేస్తే తప్ప మారడని అమెరికాలో చాలామంది నమ్మిన కాలంలో ఆయన ఈ దారి పట్టారు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

గుంటూరులో టిఫిన్ సెంటర్ నడిపే ఒక పెద్దావిడ గురించి చెప్తాను. తెల్లవారుజామున మూడున్నరకి లేస్తారు. పొయ్యి వెలిగించాక పదకొండింటిదాకా కూర్చునే పనే లేదు. ఆవిడ చార్టులో ఎనిమిదింటికి రెండిడ్లీ, పదకొండింటికి ఒక పండు అని ఉంది. ఎనిమిదింటికి కొట్టు ముందు జనం నిలబడి ఉంటారు, ఆవిడ చేతులు ఇడ్లీ పాత్రల దగ్గర ఉంటాయి. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) తొమ్మిది దాటింది. "ఎంత చెప్పినా వినదండీ" అని కొడుకు ఫిర్యాదు. ఆయన్ని కాసేపు బయట కూర్చోమన్నాను.

"పిన్నిగారూ, నిద్ర లేచిన దగ్గర్నుంచి మీ రోజు ఎలా గడుస్తుందో చెప్పండి" అన్నాను. చెప్తూ చెప్తూ టీ దగ్గర ఆగారు. పిండి రుబ్బే కుర్రాడికి టీ, కూరగాయలు తెచ్చిన ఆటో అబ్బాయికి టీ, గిన్నెలు తోమే ఆవిడకి టీ. ఎవరికి పోసినా తనూ ఒక గ్లాసు, ప్రతి గ్లాసులోనూ పంచదార. "టీలే కదా అనుకున్నానమ్మా. చూడబోతే పొద్దుటిపూట నా తిండంతా అదే" అన్నారు. ఆ మాటకి నేనేమీ కలపలేదు. కాసేపటికి ఆవిడే, "వాళ్లకి మానిపిస్తే పనిలో నిలవరు. నాది పంచదార లేకుండా వేరే ఫ్లాస్కులో పోసుకుంటాను" అన్నారు. ఏ చార్టులోనూ ఆ ఫ్లాస్కు ఉండదు. పదకొండింటికి పండు మానేసి, కొట్టు సర్దగానే అన్నం కూరా తినెయ్యాలన్నదీ ఆవిడ నిర్ణయమే.

నడక మాటెత్తితే మాత్రం ముఖం ముడుచుకున్నారు. అన్ని గంటలు నిలబడ్డ కాళ్లతో పార్కు చుట్టూ తిరగమంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. ఇలాంటి చోట మేం వాడే ప్రశ్న ఒకటుంది. "సున్నా నుంచి పది దాకా లెక్కేసుకుంటే, నడవడం మీకెంత ముఖ్యమనిపిస్తుంది?" నాలుగన్నారు. "రెండు ఎందుకు కాదు?" అని అడిగాను. ఆవిడ వింతగా చూశారు. పది ఎందుకు కాదని అడిగితే మనిషి తన అడ్డంకులన్నీ ఏకరువు పెడతారు, చెప్పేకొద్దీ అవే గట్టిపడతాయి. రెండు ఎందుకు కాదంటే, ఆ నాలుగుకి కారణాలు వెతుక్కోవాలి. "మా అక్కకి షుగరొచ్చి కాలి వేలు తీసేశారమ్మా" అన్నారు. ఆ సంగతి కొడుకు చెప్పలేదు, ఫైల్లోనూ లేదు. తర్వాత దారి ఆవిడే చూసుకున్నారు: సాయంత్రం కొబ్బరికాయలకీ పచ్చిమిర్చికీ మార్కెట్టుకి ఆటోలో వెళ్లేవారు. వెళ్లేటప్పుడు నడిచి, వచ్చేటప్పుడు సరుకుతో ఆటో ఎక్కుతానన్నారు.

ఇంకోసారి వచ్చినప్పుడు మాట నిద్ర మీదికి, అక్కణ్నుంచి కొట్టు అద్దె మీదికి వెళ్లింది. అద్దె పెంచుతామన్న దగ్గర్నుంచి ఆవిడకి సరిగా నిద్రపట్టడం లేదు. ఇది షుగరుకి సంబంధం లేని మాట అని నేననుకోను. నిద్ర చాలకపోతే ఇన్సులిన్ సరిగా పనిచేయదు, ఆకలి పెరుగుతుంది. మొత్తం మనిషిని చూడటమంటే ఇదే. ఆవిడ అద్దె నేను తగ్గించలేను. ఇంట్లో ఎవరితో ఆ విషయం మాట్లాడాలనుకుంటున్నారో అడగగలను, అడిగాను. మందుల సంగతి మాత్రం ఆవిడ డాక్టరు గారిదే. తిండి తగ్గించి, బిళ్ల పాత మోతాదులోనే వేసుకుంటే కొన్ని మందులతో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఏ మార్పు చేసుకున్నా డాక్టరుకి చెప్పమంటాను.

ఇదంతా కబుర్లే అనుకునేవాళ్ల కోసం రెండు లెక్కలు. అమెరికాలో షుగర్ అంచున ఉన్న 3,234 మందితో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. బరువు ఏడు శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల శ్రమ అన్నవి ముందే పెట్టిన లక్ష్యాలు. వాటిని ఎలా చేరుకోవాలో కోచ్‌లు ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడారు. ఏ మందూ లేని బిళ్ల వేసుకున్నవాళ్లతో పోలిస్తే ఈ గుంపులో షుగర్ రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు వేసుకున్నవాళ్లలో 31 శాతం. మనకు దగ్గరగా, చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మందితో చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. మామూలు సలహాతో సరిపెట్టిన గుంపులో మూడేళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. తిండి, శ్రమ మార్చుకునేలా వెన్నంటి ఉన్న గుంపులో 39 శాతం మందికే. దక్షిణాది ఒళ్లు, దక్షిణాది తిండి కాబట్టి ఈ రెండో లెక్కే నాకు ముఖ్యం. ఐసీఎంఆర్ 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, మరో 13.6 కోట్ల మంది అంచున ఉన్నారు.

ఇంతమందికి డాక్టర్లు ఏం చెప్పగలరు? 67 దేశాల్లో డాక్టరు ఒక రోగితో గడిపే సమయాన్ని పోల్చిన అధ్యయనం 2017లో వచ్చింది. స్వీడన్‌లో ఇరవై రెండు నిమిషాల పైచిలుకు, మన దేశంలో రెండు నిమిషాలకి కాస్త అటూ ఇటూ. బయట అంత వరుస ఉంటే ఏ డాక్టరు టీ ఫ్లాస్కు దాకా వినగలరు? ఆ తప్పు డాక్టర్లది కాదు.

ఈ ఖాళీలోకే కోచ్ అనే బోర్డు పెట్టుకుని ఎవరు పడితే వాళ్లు వస్తున్నారు. అమెరికాలో ఈ వృత్తికి 2017 నుంచి జాతీయ స్థాయి పరీక్ష ఉంది. మన దగ్గర ఎవరైనా ఆ పేరు పెట్టుకోవచ్చు. డబ్బాల్లో పొడులు అమ్మేవాళ్లూ, బరువు తగ్గిన ఫొటోలు చూపించి నెలల ప్యాకేజీలు కట్టించుకునేవాళ్లూ కోచ్‌లమనే చెప్పుకుంటున్నారు. వచ్చిన మనిషి ఎప్పటికైనా తమ అవసరం లేకుండా నడవాలని కోరుకోనివాళ్లు కోచ్‌లు కారు. ఎవరైనా మీ బిళ్లలు ఆపెయ్యమన్నా, తమ దగ్గరే ఏదో కొనమన్నా ఇంకో మాట వినకుండా లేచి వచ్చేయండి.

డబ్బిచ్చి కోచ్ దగ్గరికి వెళ్లగలిగేవాళ్లు కొద్దిమందే. మిగిలిన వాళ్లకి ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఉన్నారు. ముప్పై దాటినవాళ్ల బీపీ, షుగర్ వివరాలు తీసుకునేదీ, పరీక్షలకి తీసుకెళ్లేదీ వాళ్లే. వీధిలో ఏ ఇంటి పొయ్యి ఎప్పుడు వెలుగుతుందో వాళ్లకి తెలిసినట్టు నాకు తెలియదు. వాళ్లకిచ్చే శిక్షణలో ఏం చెప్పాలన్నది చాలా ఉంది, ఎలా అడగాలన్నది తక్కువ. అడగడం, వినడం నేర్పడానికి యంత్రాలు అక్కర్లేదు, భవనాలు అక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలూ వాళ్ల శిక్షణలో దీనికి చోటివ్వాలని, నేర్చుకున్న దాన్ని వాడేందుకు వాళ్ల మీద రాతపని భారం కాస్త తగ్గించాలని కోరుతున్నాను.