ఐదో ఫ్రెట్‌లో అద్దె ఇల్లు

చాలా ఏళ్లు గిటార్ మీద 5వ ఫ్రెట్‌కీ 8వ ఫ్రెట్‌కీ మధ్యే కాపురం చేశాను. ఎవరైనా 'ఏ' మైనర్ కార్డ్ మొదలుపెడితే చాలు, చూపుడువేలు తిన్నగా వెళ్లి అక్కడే వాలేది. మైనర్ పెంటటానిక్ మొదటి బాక్సు అది. గిటార్ పట్టిన ప్రతివాడికీ ముందుగా దొరికే అద్దె ఇల్లు. అందులో ఎక్కడ వేలేసినా అపస్వరం పడదు, నలుగురూ తలూపుతారు. కాకపోతే మూడో నిమిషానికల్లా వాయించిందే వాయిస్తున్నానని వాళ్లకంటే ముందు నాకే తెలిసిపోయేది.

మిగతా నాలుగు బాక్సులూ బట్టీపట్టాను. ఒరిగిందేమీ లేదు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దూకుదామని ఫ్రెట్లు లెక్కపెట్టుకునేలోగా పాట దాటిపోయేది.

ఓ సంక్రాంతికి మా మేనత్త ఇంట్లో వాయిస్తున్నాను. ఆవిడ వీణ మనిషి. కాసేపు విని, "ఏరా, చెయ్యి కదలదేం? అక్కడ మేకు కొట్టారా?" అంది.

"అన్ని స్వరాలూ ఇక్కడే ఉన్నాయి కదత్తా."

"ఒక్క తీగ మీద వాయించి చూడు."

వీణకు మైనంలో బిగించిన మెట్లు 24. వాయించే తీగలు నాలుగున్నా రాగం ఎక్కువగా తీగ పొడుగునా నడుస్తుంది. ఏ స్వరం ఎంత దూరమో మోచేతికి తెలుస్తుంది. బాక్సులో అయితే పనంతా వేళ్లదే, మోచేయి కునుకు తీస్తుంది. మిక్ గుడ్రిక్ 1987 నాటి 'ది అడ్వాన్సింగ్ గిటారిస్ట్'లోనూ ఈ ఒంటి తీగ సాధనే కనిపిస్తే నవ్వొచ్చింది. అత్త ఆ పేరు కూడా విని ఉండదు.

మూడో తీగ పట్టుకున్నాను. 2లో 'ఏ', 5లో 'సీ', 7లో 'డీ', 9లో 'ఈ', 12లో 'జీ'. అంతే. 9 నుంచి 12కి వేలు జారుతుంటే వచ్చే ఆ మూలుగు కోసమే ఒక సాయంత్రమంతా గడిచిపోయింది.

ఆ అయిదు స్వరాల్లోనే 'సీ'ని షడ్జమం చేసుకుంటే మోహన. 'డీ'ని చేసుకుంటే మధ్యమావతి, 'ఈ'ని హిందోళం, 'జీ'ని శుద్ధసావేరి, 'ఏ'ని శుద్ధధన్యాసి. మనవాళ్లు గ్రహభేదం అనేది ఇదే. నేను బట్టీపట్టిన అయిదు బాక్సులూ ఆరో తీగ మీద సరిగ్గా ఈ అయిదు స్వరాల దగ్గరే మొదలవుతాయి. ఈ ముక్క మొదట్లోనే ఎవరైనా చెప్పుంటే ఎన్ని చార్టులు చింపి పారేసేవాణ్నో!

చిక్కల్లా రెండో తీగతోనే. మిగతా పక్కపక్క తీగల మధ్య ఎడం అయిదు ఫ్రెట్లు, మూడుకీ రెండుకీ మాత్రం నాలుగే. నేర్చిన ఆకారం ప్రతిదీ అక్కడ మెలిక తిరుగుతుంది.

ఇప్పుడు రాత్రిళ్లు లైటు తీసేసి 'ఏ'లు వెతుకుతుంటాను. 20 ఫ్రెట్ల గిటార్ మీద, వట్టి తీగతో కలిపి, 11 ఉంటాయి. పది తొందరగానే దొరుకుతాయి. మిగిలిన ఆ ఒక్కటీ రెండో తీగ మీద 10వ ఫ్రెట్‌లో ఉంటుంది. నా గిటార్‌కి అక్కడ చుక్క కూడా లేదు. నిన్న రాత్రీ 9 మీద వేలేసి, చెవి ముఖం చిట్లించాక ఒక ఫ్రెట్ జరిగాను.