ఆస్తి కాగితాల్లో లేని కాగితం

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు వచ్చి అడిగే ప్రశ్నల్లో ఒకటుంది: "మీ ఇంట్లో ఎవరికైనా మత్తిచ్చినప్పుడు ఇబ్బంది అయిందా?" పేషెంటు వైశ్యులని తెలిస్తే మన వైపు డాక్టర్లు ఈ మాట గుచ్చి గుచ్చి అడుగుతారు. గొంతులో గొట్టం వేసేముందు కండరాలు వదులయ్యేందుకు సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. ఆసుపత్రుల్లో దాన్ని స్కోలిన్ అంటారు. మామూలుగా అయిదు, పది నిమిషాల్లో దాని ప్రభావం దిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము పుట్టుకతోనే లోపించినవాళ్ళు మాత్రం గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు. అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. ఈ లోపం వైశ్యుల్లో మిగతావాళ్ళకంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో దీన్ని వివరించారు. ఎన్నో తరాలుగా సంబంధాలన్నీ లోపల్లోపలే కలుపుకోవడం దీనికి మూలం. ఇందులో ఎవరి తప్పూ లేదు.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ లోపమున్నవే వస్తేనే ఈ సమస్య. అందుకని అక్కకు బయటపడిందంటే తోడబుట్టిన ప్రతి ఒక్కరికీ సాధారణంగా నాలుగింట ఒక వంతు అవకాశం ఉన్నట్టే. ఒక్క రక్తపరీక్షతో తేలిపోయే విషయం. అక్క గర్భసంచి ఆపరేషన్‌లో జరిగింది డిశ్చార్జి కాగితంలో రాసే ఉంటుంది. ఆ కాగితం బీరువాలో చీరల కింద ఉంటుంది. తమ్ముణ్ణి అపెండిక్స్ నొప్పితో అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకుపోతే, అక్కడ అడిగిన ప్రశ్నకు వాడేం చెప్పాలి?

ఎందుకు చెప్పలేదని అడిగితే వరంగల్‌లోనైనా, హనుమకొండలోనైనా నాకు వినపడే జవాబు ఒకటే: "పిల్లకు సంబంధాలు చూస్తున్నం, ఇప్పుడు ఇవన్నీ ఎందుకు బయటపెట్టుడు?" ఆ భయం నాకు అర్థమవుతుంది. పెళ్ళి దగ్గర చట్టం కూడా కలగజేసుకుంటుంది. ముఖ్యమైన సంగతి దాచి మోసంతో పెళ్ళి చేస్తే దాన్ని రద్దు చేయమని అడగడానికి 1955 నాటి హిందూ వివాహ చట్టంలో వీలుంది. పెళ్ళి కుదిరినవాడికి హెచ్‌ఐవీ ఉంటే అతని గోప్యతకంటే అమ్మాయి ఆరోగ్యమే పెద్దదని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది. మరి కన్నబిడ్డకు తండ్రి తన రోగం సంగతి చెప్పి తీరాలా? అలా కట్టడి చేసే చట్టం మనకు లేదు. ఫ్రాన్స్‌లో ఉంది. వంశపారంపర్యంగా వచ్చే తీవ్రమైన జబ్బు బయటపడితే, నివారణకో చికిత్సకో వీలున్నప్పుడు, ముప్పున్న రక్తసంబంధీకులకు రోగి తెలియజేయాలి. చెప్పడం ఇష్టంలేకపోతే, తన పేరు బయటపెట్టకుండా డాక్టరు చేత కబురు పంపించవచ్చు.

బ్రిటన్‌లో ఒక కూతురు దీనిమీదే కోర్టుకెక్కింది. తండ్రికి హంటింగ్టన్స్ అనే మెదడు జబ్బు. పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం. ఆమె అప్పుడు గర్భవతి. కూతురికి చెప్పొద్దని తండ్రి పట్టుపట్టాడు, డాక్టర్లు చెప్పలేదు. పాప పుట్టాక ఆమెకు అనుకోకుండా తెలిసింది. పరీక్ష చేయించుకుంటే తనకూ ఉందని తేలింది. 2020లో తీర్పొచ్చింది. ఇలాంటప్పుడు డాక్టర్లు ఇద్దరి మేలూ తూచి చూడాల్సిన బాధ్యత ఉందని న్యాయమూర్తి ఒప్పుకున్నారు. కేసు మాత్రం ఆమె ఓడిపోయింది. తండ్రి నోరు తెరవకపోతే కోర్టు ఇవ్వగలిగింది అంతే.

మన పక్కనే ములుగు, భూపాలపల్లి గూడేల్లో కబురు తిరగేసి నడుస్తోంది. సికిల్ సెల్ అనే రక్తజబ్బు నిర్మూలనకు కేంద్రం 2023 జూలైలో మొదలుపెట్టిన కార్యక్రమంలో నలభై ఏళ్ళ లోపు వాళ్ళకు రక్తపరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. పిల్లవాడు వాహకుడని, అంటే రెండు జన్యువుల్లో ఒకటి మాత్రమే లోపమున్నదని, కార్డులో ఉందంటే, తల్లిదండ్రుల్లో కనీసం ఒకరిలో ఆ జన్యువు ఉన్నట్టే. అక్కడి నుంచి మేనత్తలు, మేనమామలు, వాళ్ళ పిల్లలు అందరూ చూపించుకోవాలి. మేనరికం అనుకుంటున్న ఇల్లయితే లగ్గం పెట్టుకోకముందే రెండు కార్డులూ చూసుకోవాలి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

మా ఇంట్లో నేను ఒక నోట్‌బుక్ పెట్టాను. పెద్దవాళ్ళు రోగాల పేర్లు చెప్పరు. "కడుపునొప్పితోని పోయింది", "కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అంటారు. నేను వాళ్ళన్న మాటే రాసుకుని, పక్కన వయసు రాస్తాను. వయసే అసలు సంగతి. తండ్రికో అన్నదమ్ములకో యాభై అయిదు లోపు, తల్లికో అక్కచెల్లెళ్ళకో అరవై అయిదు లోపు గుండెజబ్బు వచ్చిందంటే డాక్టర్లు దాన్ని పిల్లల లెక్కలో కూడా వేస్తారు. పుట్టిన తేదీలు ఎవరికి గుర్తు? అందుకే "నిజాం రాజ్యం పోయిన యేడు", "పెద్దోని లగ్గమైనంక" అని గుర్తులు పట్టి వెనక్కి లెక్కగడతాను.

ఇళ్ళలో కొడుక్కి అంతో ఇంతో చెబుతారు. అత్తారింటికి పోయిన బిడ్డకు ఎవరూ చెప్పరు, ఇంటిపేరు మారితే రక్తం మారినట్టు. నేను జిరాక్సు తీయించి ఇద్దరికీ ఇచ్చాను. బిడ్డ చదివి, చిన్నమ్మమ్మ వరసలో వయసు రాయలేదేమని అడిగింది. జనగామకు ఫోన్ కలిపాం. "నలభై యేండ్లు కూడా నిండలే బిడ్డా, రొమ్ముల గడ్డ అన్నరు" అంది ఆమె కోడలు. ఎవరితోనూ అనలేదట, ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలున్నారని. ఆ ముగ్గురి నంబర్లు తీసుకున్నాం.