ఫ్రోబెల్ కానుకలు - చేతితో నేర్చు చదువుపై ఒక విమర్శ

శిశువు చెవితో విన్నదానికంటె చేతితో పట్టి చూచినదానిని బాగుగా తెలిసికొనునని నేడు అనని ఉపాధ్యాయుడు లేడు. 2020 నాటి జాతీయ విద్యా విధానము మూడవ యేటినుండి ఎనిమిదవ యేటివరకు గల చదువును పునాది దశగా ఎంచి, ఆటను, చేతిపనిని దానికి ఆధారముగా పెట్టినది. 2023 ఫిబ్రవరిలో 'జాదూయీ పిటారా' అను పేర చిన్నపిల్లల ఆటవస్తువుల పెట్టె ఒకటి జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి పక్షమున వెలువడినది. అందు బొమ్మలు, పజిళ్లు, చేతికి తొడిగి ఆడించు బొమ్మలు, కథల పుస్తకములు కలవు. ఇది మంచి పనియే. కాని పెట్టె తరగతిలోనికి వచ్చినంతమాత్రమున చదువు వచ్చునా? ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇట్టి పెట్టెలలో మొదటగా ప్రసిద్ధికెక్కిన ఫ్రోబెల్ కానుకల చరిత్రను పరిశీలించినచో దీనికి జవాబు చాలవరకు దొరకును.

స్ఫటికములనుండి ఘనములకు

ఫ్రెడరిక్ ఫ్రోబెల్ (1782-1852) జర్మను దేశస్థుడు. 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అను చిన్న ఊరిలో శిశువులకొరకు ఒక శాల నెలకొల్పి, 1840లో దానికి 'కిండర్‌గార్టెన్' అను పేరు పెట్టెను. పిల్లల తోట అని ఆ మాటకు అర్థము. ఇంతవరకు ఉపాధ్యాయ శిక్షణ పొందినవారందరు ఎరుగుదురు. అంతకుముందు 1814 మొదలు 1816 వరకు ఆయన బెర్లిన్ విశ్వవిద్యాలయపు ఖనిజ ప్రదర్శనశాలలో వైస్ అను స్ఫటిక శాస్త్రజ్ఞునికి సహాయకుడుగా పనిచేసెనన్న సంగతి మాత్రము అంతగా ప్రచారములో లేదు. కానుకలను అర్థము చేసికొనుటకు ఆ రెండేండ్లు ముఖ్యమని నా అభిప్రాయము. కల్లుప్పు పెద్ద పలుకును జాగ్రత్తగా పగులగొట్టి చూడుడు. చదునైన ముఖములు, లంబకోణపు మూలలు గల ముక్కలే వచ్చును. ముక్కలో సైతము మొత్తముయొక్క క్రమము నిలిచియుండును. ఈ క్రమమునే ఫ్రోబెల్ కొయ్యలో చేసి పిల్లల చేతికిచ్చెను.

మొదటి కానుక ఆరు రంగుల ఊలు బంతులు. రెండవది కొయ్యతో చేసిన గోళము, ఘనము, స్థూపము. మూడవది రెండంగుళముల ఘనము. అది ఒక్కొక్క అంగుళపు ఘనములు ఎనిమిదిగా విడిపోవును. నాల్గవదియు అదే కొలత గల ఘనమే కాని, అది 2 అంగుళముల పొడవు, 1 అంగుళము వెడల్పు, అర అంగుళము మందము గల ఎనిమిది ఇటుకలుగా విడును. ఐదవది మూడంగుళముల ఘనము. ఇందులోని 27 చిన్న ఘనములలో మూడింటిని సగములుగను, మూడింటిని పావులుగను కోసియుందురు; కావున మొత్తము 39 ముక్కలు.

ఈ కొలతలలో ఎంత ఆలోచన యున్నదో చూడుడు. మూడవ కానుకలోని ముక్క ఘనపరిమాణము ఒక ఘనపు అంగుళము. నాల్గవ కానుకలోని ఇటుకదియు అంతే. కాని ఘనముయొక్క ఉపరితలము 6 చదరపు అంగుళములు, ఇటుకది 7. ఐదేండ్ల బాలుడు ఈ లెక్క కట్టడు. అయినను రెండింటిని రెండు చేతులతో పట్టుకొని, ఆకారము వేరైనను బరువు ఒక్కటేనని తెలిసికొనగలడు. పైతరగతులలో మనము చెప్పు పాఠమునకు ఇది విత్తనము.

రెండవ కానుక ఇంకను చక్కనిది. ఘనమును ఒక ముఖపు నడిమినుండి దారముతో వ్రేలాడదీసి వేగముగా త్రిప్పినచో అది స్థూపమువలె కనబడును. ఒక మూలనుండి వ్రేలాడదీసి త్రిప్పినచో ఏమి కనబడునని మా కళాశాలలో డిగ్రీ విద్యార్థులను అడిగితిని. రెండు శంఖువులను అతికినట్లుండునని ఎక్కువమంది చెప్పిరి. త్రిప్పి చూపగా, పైనను క్రిందను శంఖువులే కనబడెను గాని, రెంటి నడుమ భాగము డమరుకపు నడుమువలె లోనికి వంగియుండెను. శిశువుల ఆటవస్తువు డిగ్రీ విద్యార్థులను పొరబాటు పడజేసినది. ఇది ఆ కానుకకు గొప్ప యోగ్యతాపత్రము.

కానుక కసరత్తుగా మారుట

అయినను ఇన్ని గుణములు గల వస్తువులు కొన్ని దశాబ్దములలోనే విసుగు పుట్టించు కసరత్తుగా మారెను. ఇందులో ఫ్రోబెల్ తప్పు కొంత, శిష్యుల తప్పు కొంత. బంతి విశ్వముయొక్క ఏకత్వమునకు గుర్తు అని ఆయన నమ్మెను. పిల్లవానికి మాత్రము బంతి దొర్లునది, ఎగురునది. పెద్దలకు తోచిన వేదాంతము వస్తువును తాకినంతనే పిల్లలకు అందునని అనుకొనుట విజ్ఞాన దృష్టి కాదు. మొత్తమును చూపిన పిమ్మటనే ముక్కలను చూపవలెననియు, కట్టుబడిలో ముక్కలన్నిటిని వాడవలెననియు, ఉన్న రూపమును పడగొట్టక దానినుండియే కొత్త రూపమును తీయవలెననియు ఆయన చెప్పెను. వీనిలో ప్రతిదానికి ఒక కారణమున్నది. కాని శిష్యుల చేతిలో కారణము పోయి నియమము మిగిలెను.

ఆ తరగతిని ఊహించుకొనుడు. బల్లలపై అంగుళమునకొక గీత చొప్పున గళ్లు. పిల్లలందరు పెట్టెను తలక్రిందులు చేయుదురు, మూతను లాగుదురు, పెట్టెను పైకెత్తుదురు. అందరి ముందును ఒకే రీతి ఘనములు నిలుచును. పిమ్మట ఉపాధ్యాయురాలు చెప్పిన వరుసలో అందరు ఒకేసారి ఒకే కుర్చీ కట్టుదురు. చేతులు కదలుచున్నవి, కాని వానిని కదలించు బుద్ధి ఉపాధ్యాయురాలిది.

దీనిపై విమర్శ త్వరలోనే వచ్చినది. అమెరికాలో స్టాన్లీ హాల్, చిన్న ముక్కలతో చేయు సన్నపు పని చిన్ని వ్రేళ్లకు తగదనెను. జాన్ డ్యూయీ 1900లో ఫ్రోబెల్ సూత్రములను పరిశీలించుచు, గుర్తులకంటె నిజమైన వస్తువులు, నిజమైన పనులు మేలని వాదించెను. కిల్పాట్రిక్ 1916లో ఈ సూత్రములపై ఒక పూర్తి విమర్శ గ్రంథమునే ప్రకటించెను. న్యూయార్కులో కారొలైన్ ప్రాట్ 1914లో ప్రారంభించిన శాలలో పిల్లలు నేలపై కూర్చుండి, తమ ఇష్టము వచ్చినట్లు పట్నములు, రేవులు కట్టుటకు పెద్ద కొయ్యదిమ్మలను ఇచ్చిరి.

ఫ్రోబెల్ పక్షమువారు దీనికి జవాబుగా ఫ్రాంక్ లాయిడ్ రైట్ పేరు చెప్పుదురు. ఈ ప్రసిద్ధ వాస్తుశిల్పి బాల్యమున ఈ కానుకలతో ఆడుకొనెను. వాని మేలును తానే చెప్పుకొనెను. నిజమే. కాని ఆ ఘనములతో ఆడినవారందరు వాస్తుశిల్పులు కాలేదు. ఒక్క ఉదాహరణముతో కార్యకారణ సంబంధమును స్థాపింపరాదని మన విద్యార్థులకు మనమే చెప్పుచున్నాము గదా!

తప్పు చెప్పు వస్తువు

1907లో రోమ్ నగరమున సాన్ లొరెన్‌జో పేటలో మరియా మాంటిసోరి తన మొదటి శిశుశాలను తెరచెను. ఆమె వస్తువులలో ఒకటి పది గుంటలు గల కొయ్యదిమ్మ. వానిలో దిగునట్టి పది స్థూపములు క్రమముగా చిన్నవగుచుండును. సన్నని దానిని పెద్ద గుంటలో వేసినచో తుదకు ఒక లావుపాటి స్థూపము చోటు లేక మిగిలిపోవును. 'తప్పు' అని ఎవరును అననక్కరలేదు; కొయ్యయే చెప్పును. శిశువు తానే తీసి మరల అమర్చుకొనును. ఇది ఫ్రోబెల్ కానుకలపై ఒక పెద్ద అభివృద్ధి.

కాని ఈ వస్తువునకు ఒక్కటే సరియైన జవాబు. ఆమె వస్తువులు పిల్లల ఆటను, కల్పనను ఇరుకున పెట్టుచున్నవని కిల్పాట్రిక్ 1914లోనే ఆక్షేపించెను. ఆ ఆక్షేపణలో కొంత న్యాయమున్నది. ఫ్రోబెల్ ముక్కలతో ఎన్ని రూపములైన కట్టవచ్చును. కాని కట్టినది కూలినప్పుడు తప్ప, ఊహ సరియో కాదో అవి చెప్పవు. మాంటిసోరి దిమ్మ తప్పు చెప్పును. కాని ఒకే సంగతిలో చెప్పును. శిశువు ఊహకు చోటును, ఆ ఊహకు జవాబును రెండును ఇచ్చు వస్తువు మనకు కావలెను. అది ప్రతి ఇంటను ఉన్నది. అది ఒక తొట్టెడు నీరు.

మా ఊరిలో నేను చూచినది

కొంతకాలము క్రిందట ఒక శిశు తరగతిలో 'సైన్సు దినము' చూచుటకు పోయితిని. ప్లాస్టిక్ తొట్టిలో నీరు పోసిరి. గోడపైని చార్టులో 'మునిగేవి', 'తేలేవి' అని రెండు వరుసలు ముందే వ్రాసి పెట్టిరి. పిల్లలు ఒక్కొక్కరు వచ్చి, ఉపాధ్యాయురాలు చేతికిచ్చిన వస్తువును నీటిలో వేసి, చార్టులోని మాట చెప్పి పోవుచుండిరి. ఒక బాలుని వంతుకు స్టీలు గిన్నె వచ్చెను. వాడు దానిని పక్కకు వంచి నీటిలో దింపెను. గిన్నె బుడగలతో అడుగునకు పోయెను.

"నాది మునిగింది టీచర్!" అని వాడు సంతోషముతో కేక వేసెను.

"అలా పెట్టకూడదు నాన్నా. గిన్నె తేలుతుంది. ఏదీ, చెప్పు?"

వాడు తొట్టివంక ఒకసారి, చార్టువంక ఒకసారి చూచి, "గిన్నె తేలుతుంది" అనెను. తక్కిన పిల్లలు చప్పట్లు కొట్టిరి.

ఆనాడు ఆ గదిలో నిజమైన ప్రయోగము చేసినది ఆ బాలుడొక్కడే. గిన్నె తేలుట గిన్నె చేసిన లోహముపై మాత్రమే ఆధారపడదనియు, అది నీటిని లోనికి రానీయక ఎంత చోటు ఆక్రమించుకొనునో దానిపైకూడ ఆధారపడుననియు వాని చేతిలోని గిన్నె చూపినది. ఆర్కిమెడీసు సూత్రము వానికి అక్కరలేదు. "నిలువుగా పెడితే ఏమవుతుంది? వంచితే ఏమవుతుంది?" అను రెండు ప్రశ్నలు చాలియుండెడివి. కంటితో చూచినదానికంటె గోడమీద వ్రాసినది నిజమని వాడు ఆనాడు నేర్చుకొనెను.

ఇది చిన్న సంగతియని తోచవచ్చును. కాని అట్టి పిల్లలు పదునాలుగేండ్ల తరువాత నా ప్రయోగశాలకు వచ్చుచున్నారు. లఘులోలకమును ముట్టుకొనకముందే "సార్, ఎంత రావాలి?" అని అడుగుదురు. ఒక విద్యార్థికి గురుత్వ త్వరణము 10.8 వచ్చెను. వాడు దానిని కొట్టివేసి, వెనుకనుండి లెక్కకట్టి, రికార్డులో 9.8 వ్రాసెను. నిజమునకు వాడు గుండును వదలుచునే 'ఒకటి' అని లెక్కించెను; 19 డోలనములను 20 అనుకొనెను. ఆ 10.8ని దాచక దాని కారణము వెదకియుండినచో, లెక్కను సున్ననుండి ఏల మొదలుపెట్టవలెనో జన్మలో మరచియుండడు. నేను వానిని గట్టిగా కోపింపలేకపోయితిని. విద్యార్థిగా నేనును అట్టి పనులు చేసినవాడనే.

ఏమి చేయవలెను?

ఖరీదైన పెట్టెలు లేవను చింత అక్కరలేదు. 1945లో బోర్డీ గ్రామమున శిశు విద్యాకేంద్రము నెలకొల్పిన తారాబాయి మోడక్, ఆమెతో పనిచేసిన అనూతాయి వాఘ్ ఊరిలో దొరకు వస్తువులతోనే శిశువులకు చదువు చెప్పవచ్చునని చూపిరి. మనకు చింతగింజలున్నవి, గవ్వలున్నవి, తాటికాయల బండి యున్నది. ఏటికొప్పాక పనివారు అంకుడు కర్రను తరిణెపట్టి లక్క రంగులు వేయుచున్నారు. ఫ్రోబెల్ గోళమును, స్థూపమును అంతకంటె అందముగా ఎవరు చేయగలరు? గింజలను ముక్కులోను నోటిలోను పెట్టుకొను పసివాండ్రను, నీటితొట్టిదగ్గర ఆడువారిని మాత్రము కనిపెట్టి యుండవలెను.

వస్తువుకంటె ముఖ్యమైనది దానిని వాడు రీతి. శిశువు చేయి పెట్టకముందు "ఏమవుతుందనుకుంటున్నావు?" అని అడుగవలెను. ఊహ తప్పైనచో ఆ మాట వస్తువే చెప్పునట్లు మనము ఊరకుండవలెను. చార్టును ముందు గాక, చివర, పిల్లలు చూచినదానినిబట్టి వ్రాయవలెను. అందు గిన్నె రెండు వరుసలలోను చేరినచో అది తప్పు కాదు. ఆ తరగతి బాగుగా జరిగినదనుటకు గుర్తు.

ఇది చదువు హైస్కూలు విద్యార్థులకు ఒక పని. ఇంట తమ్ముడో చెల్లెలో ఉన్నచో ఒక బకెట్టు నీరు, కొబ్బరికాయ, చింతగింజ, స్టీలు గిన్నె, స్టీలు చెంచా తీసికొనుడు. ఏది మునుగును, ఏది తేలును అని ముందు అడుగుడు. బరువైనది మునుగునని వారు చెప్పుదురు. పెద్ద కొబ్బరికాయ తేలి, చిన్న చింతగింజ మునిగినప్పుడు వారి ముఖము చూడుడు. వారు ఏమి చెప్పినను దిద్దకుడు. గిన్నెను వారి చేతికే ఇచ్చి, ఏమి చేయుదురో చూడుడు.